వంటిల్లున్న కాటేజీ

"కళ్ళు మూసుకోవోయ్, నీకో సర్‌ప్రైజ్" అన్నాడు మా ఆయన. నేనప్పుడు ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తూ, పళ్ళ మధ్య రెండు గుండుసూదులు పట్టుకుని ఉన్నాను. నోట్లో సూదులున్న మనిషిని పలకరించకూడదని ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నా ఈ ఇంట్లో ఎవరి తలకీ ఎక్కలేదు. సూదులు తీసేలోపే మా అమ్మాయి వెనకనుంచి వచ్చి నా కళ్ళు మూసేసింది. అది చేతులు తీసేసరికి కుట్టుమిషను బల్ల మీద, నేను మడిచి పెట్టుకున్న బట్టల పైనే, ఒక కేకు. దాని మీద క్రీముతో 'హ్యాపీ జర్నీ' అని రాసుంది. మా అత్తగారు చప్పట్లు కొట్టారు.

నాకు కళ్ళు చెమర్చాయి. అబద్ధమెందుకు, చెమర్చాయి. నా ప్రయాణానికి వీళ్ళు కేకు తెచ్చారే అనుకున్నాను. ఇన్నాళ్ళూ దెప్పినా చివరికి మనసు మార్చుకున్నారు, ఎంతైనా మనవాళ్ళు మనవాళ్ళే అనుకున్నాను. "థాంక్సండీ" అని కూడా అనేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ముందు ఆ ప్రయాణం సంగతి చెప్పాలి. నేనొక పళ్ళడాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తాను. పేరుకే రిసెప్షన్. ఫోన్లెత్తడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, డాక్టరుగారికి టీ కాచడం, ఆయన గదిలో కర్టెను చిరిగితే ఇంటికి తెచ్చి కుట్టి మళ్ళీ తగిలించడం, అన్నీ నావే. "మీరుంటే క్లినిక్ ఇల్లులా ఉంటుందండీ" అంటాడాయన. నిజమే, ఇంట్లోలాగే అక్కడ కూడా టీకి, కర్టెనుకి జీతం లేదు. ఇచ్చే జీతమేమో ఒకటో తారీకున వచ్చి ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది, దాని మొహం నేను సరిగ్గా చూసింది లేదు.

కుట్టుపని వేరు. అది పైసంపాదన. పొడుగైన ప్యాంట్లు, బిగుతైన చొక్కాలు, తెగిన జిప్పులు. ఇంటిపని తెమిలాక వాటి ముందు కూర్చుంటాను. మా వీధిలో నాకు పేరు రావడానికి ఒకటే కారణం: ఎంత పొడుగు తగ్గించమన్నా నేను గుడ్డ కత్తిరించను. లోపలికి మడిచి కుడతాను. పిల్లలు ఎదుగుతారు, పెద్దలు ఒళ్ళు చేస్తారు, రేపు విప్పుకోవాలంటే లోపల గుడ్డ ఉండాలి కదా.

కొలతలు గీసుకోవడానికి పాత పేపర్లు వాడతాను. ఒకరోజు చొక్కా చంక కోసం గీసిన గీత మీద కత్తెర వెయ్యబోతుంటే అక్కడ ఒక లైట్‌హౌస్ ఫొటో కనిపించింది. చుట్టూ సముద్రం, పైన గుండ్రటి చిన్న బాల్కనీ, అందులో నిలబడ్డ ఎవరో ఒకావిడ. లోపల మెట్లున్నాయని, ఎవరైనా ఎక్కవచ్చని కింద రాసుంది. ఎవరైనానట! కత్తెర అక్కడే ఆగిపోయింది. పెళ్ళయ్యాక పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప నేను ఊరు దాటింది లేదు. ఆ వెళ్ళడమైనా ఒళ్ళో టిఫిను డబ్బా, చేతిలో నీళ్ళ సీసా, కిటికీ పక్కన ఇంకెవరో. ఆ బాల్కనీలో నిలబడాలనిపించింది. ఒక్కదాన్నే, చేతులు ఖాళీగా.

క్లినిక్‌లో నర్సుగా చేసే ఒకావిడ ఉంది, అందరికీ నర్సక్క. ఏటా ఒక ఊరు చూసొస్తుంది, అదీ మాలాంటి జీతంతోనే. ఆవిడతో అన్నాను. "దానికేముంది పిల్లా! డాక్టరు మీటింగని విదేశం పోతాడుగా. అప్పుడు క్లినిక్ మూత, మన జీతం కోత. కోసేవాడు ఎలాగూ కోస్తాడు, మనం ఊరైనా చూద్దాం" అంది. లాడ్జీలో గది కాదు, డార్మెటరీలో చెరో మంచం. రైల్లో స్లీపరు. జనం పెద్దగా రాని నెల కాబట్టి మంచం సగం ధరకే ఇస్తారు. తిండికి బ్రెడ్డు, అరటిపళ్ళు. ప్రయాణాలంటే డబ్బున్నవాళ్ళ సరదాలనుకున్న నేను నోరు తెరుచుకుని విన్నాను.

అప్పటినుంచి రెండేళ్ళు కుట్టాను. ఎందుకు కుడుతున్నానో ఇంట్లో ఎవరి దగ్గరా దాచలేదు. ఆ విషయంలో నా అంత మొద్దు ఇంకొకరు ఉండరు. నాది మీటల ఫోను. జనం చేతికి డబ్బివ్వడం మానేసి ఫోన్లలో పంపడం మొదలుపెట్టాక, మా ఆయనే తన అకౌంటుకి వెళ్ళేలా స్కాన్ స్టిక్కరు ఒకటి తెచ్చి నా మిషను మీద అంటించాడు. "నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే కదోయ్. ఇంట్లో బ్యాంకు పెట్టుకుని వీధిలో బ్యాంకెందుకు?" అన్నాడు. నేను నవ్వాను. స్టిక్కరు అంచులు లేవకుండా బొటనవేలితో నేనే అదిమాను.

దెప్పుళ్ళకి మాత్రం లోటు లేదు. నేను క్లినిక్ నుంచి కాస్త ఆలస్యంగా వస్తే "యాత్రికురాలు వేంచేశారు" అనేవాడు. "దీపం చూడ్డానికి అంత దూరం పోవాలా అమ్మాయ్, స్విచ్చేస్తే ఇంట్లో వెలగదూ?" అనేవారు అత్తగారు. కూరలో ఉప్పెక్కువైతే సముద్రం మీద ధ్యాసట. అన్నిటికీ నవ్వి ఊరుకున్నాను, మాటలే కదా, పోతాయి అని. రైలు టికెట్ మా అమ్మాయే తన ఫోన్లో తీసింది. "కిటికీ పక్కదే దొరికిందమ్మా" అంది. ఆ పూట దాన్ని దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకున్నాను.

ఇప్పుడు కేకు దగ్గరికి వస్తాను. ముక్క నా నోట్లో పెట్టి మరీ అసలు సంగతి చెప్పాడు మా ఆయన. "నువ్వొక్కదానివే డార్మెటరీలో పడుకోవడమేంటోయ్, దిక్కులేనట్టు! మనమందరం కొండ మీదకి పోతున్నాం. కాటేజీ తీసుకున్నా."

"ఎప్పుడు?"

"నీ సెలవుల్లోనే. నీకు మళ్ళీ సెలవులెక్కడ దొరుకుతాయని, సరిగ్గా అవే రోజులు చూశా."

"మరి నా టికెట్?"

"క్యాన్సిల్ చేయించాగా."

"నా కుట్టుడబ్బులు?"

"నీవీ నావీ ఏంటే కొత్తగా? వాటితోనే కాటేజీ. తక్కువపడితే పైన నేను వేశాలే" అన్నాడు, నాకేదో దానం చేసినట్టు. ఇంకా ఉత్సాహంగా, "అమ్మకి హోటలు తిండి పడదు కదా, వెతికి వెతికి వంటిల్లున్న కాటేజీ పట్టాను. గ్యాసు, గిన్నెలు అన్నీ వాళ్ళవే. కొత్తచోట నీకు ఇబ్బందేమీ ఉండదు" అన్నాడు.

దొంగ దొంగలా వస్తే అరవచ్చు. కేకు పట్టుకుని వచ్చినవాణ్ణి ఏమని అరవను? అరిస్తే రాక్షసిని నేనే అవుతాను. రెండేళ్ళు నా నడుము, నా కళ్ళు కరిగించి కుట్టింది దేనికి? కొండ మీద ఇంకో గ్యాసు పొయ్యి ముందు నిలబడ్డానికా? ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషికి నేను చూడాలనుకున్నది ఊరు కాదని, నన్ను ఎవరూ ఏమీ అడగని నాలుగు రోజులని తెలియలేదా? తెలిసే చేశాడా? తెలియక చేశాడనుకుంటే జాలిపడచ్చు. తెలిసే చేశాడని నా మనసుకి తెలుస్తోంది. అందుకే కదా, అన్ని రోజులుండగా వెతికి అవే పట్టుకున్నాడు.

వంటింట్లో మా అమ్మాయిని పట్టుకున్నాను. "టికెట్ నీ ఫోన్లో ఉంది. నువ్వేగా క్యాన్సిల్ చేసింది?"

"నాన్న సర్‌ప్రైజ్ అన్నారమ్మా. చెప్పొద్దన్నారు."

"నాకెంత ఇష్టమో నీకు తెలుసు కదే."

అది కోపంగా, "మమ్మల్నందర్నీ వదిలేసి నీకొక్కదానికే పోవాలని ఎలా అనిపించిందమ్మా? నాకు బాధగా ఉండదా?" అంది. అచ్చం వాళ్ళ నాయనమ్మ గొంతు. ఆయన చేసింది నన్ను కోసింది, కానీ నేను కూలబడింది మాత్రం ఇక్కడే. నేను ఎక్కే మెట్లు రేపు దానికి దారవుతాయనుకున్నాను పిచ్చిదాన్ని. అదేమో నా టికెట్ చించినవాళ్ళలో ఒకతి.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ వినబడేలా చెప్పాను. "నేను కొండకి రాను." మా ఆయన పకపకా నవ్వాడు. "చూశావా అమ్మా, అలక! రైలెక్కితే అదే పోతుందిలే." మా అత్తగారు నవ్వి, కాటేజీకి ఏమేం పప్పులు, పొడులు పట్టుకెళ్ళాలో చెప్పడం మొదలుపెట్టారు. రానన్న మాట నేను చెప్పాను, అందరి ముందూ చెప్పాను. అది మాత్రం గుర్తుండాలి.

మర్నాడు ఒక టీచరమ్మ తన కోటు తీసుకోవడానికి వచ్చింది. చేతులు పొట్టివయ్యాయంటే లోపలి మడత విప్పి పొడుగు చేశాను. "అరే, ఇంత గుడ్డ లోపల ఎక్కడుందండీ!" అని ఆశ్చర్యపోయింది. "మొదట కుట్టినవాడెవరో మంచివాడు, కత్తిరించకుండా మడిచాడు" అన్నాను. నేనూ అంతే కదా. ఈ ఇంటి కొలతకి నన్ను నేను మడుచుకుంటూ వచ్చాను తప్ప కత్తిరించుకోలేదు. ఆవిడ ఫోను తీసి స్టిక్కరు వైపు చాపింది. "ఆగండి" అన్నాను. గోటితో అంచు లేపి స్టిక్కరు పీకేశాను. సగం వచ్చింది, సగం మిషనుకే అంటుకుపోయింది. "చేతికివ్వండి, ఏమనుకోకండి." ఆ వారమంతా వచ్చినవాళ్ళకి అదే చెప్పాను. గొణిగినవాళ్ళు గొణిగారు, ఇచ్చినవాళ్ళు ఇచ్చారు.

బయల్దేరే రోజు పొద్దున్నే స్టేషనుకి వెళ్ళాం. పప్పులు, పొడుల సంచి నేనే మోశాను. కొండ రైలు వచ్చింది. అత్తగార్ని చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఆవిడ మందుల డబ్బా చేతికిచ్చాను. వంట సంచి మా ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, కిందికి దిగి, నా చిన్న సంచి భుజానికి తగిలించుకున్నాను. ఎదుటి ప్లాట్‌ఫారం మీద నర్సక్క అరటిపళ్ళ కవరు ఊపుతోంది.

"ఎక్కవేంటే? కదిలిపోతుంది!" అన్నాడు మా ఆయన తలుపు దగ్గరికొచ్చి.

"రానని చెప్పానుగా. నేను లైట్‌హౌస్‌కి వెళ్తున్నాను. ఆదివారం వస్తాను."

"టికెట్ లేదుగా నీకు!"

"జనరల్ పెట్టెకి ఎవరి ఫోనూ అక్కర్లేదండీ."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "నలుగురిలో నా పరువు తీస్తావా?" అన్నాడు. "హవ్వ!" అని లోపల అత్తగారు నోరు నొక్కుకున్నారు. రైలు కదిలింది. మా అమ్మాయి కిటికీ కమ్మీలు పట్టుకుని ఏడుస్తోంది. నా గుండె దాని వెనకే పరిగెత్తింది, నిజం చెప్తున్నాను, ఒక్క మాటంటే నేనూ పరిగెత్తేదాన్నేమో. ఎందుకు పోతున్నావమ్మా అని అడుగుతుందేమో, ఒక్కసారి సారీ అంటుందేమో అని చూశాను.

"మరి మాకు వంటెవరు చేస్తారమ్మా?" అంది.

"గ్యాసు, గిన్నెలు అన్నీ వాళ్ళవేనట. కొత్తచోట నాన్నకి ఇబ్బందేమీ ఉండదులే" అన్నాను.

జనరల్ పెట్టెలో కిటికీ దొరకలేదు. తన స్లీపరు బెర్తు వదులుకుని నాతోనే ఎక్కిన నర్సక్క నా సంచి తీసుకుని పైన పెట్టింది. జనం మధ్య, తలుపుకి కాస్త ఇవతల, ఏడుస్తూనే నిలబడ్డాను, చేతులు ఖాళీగా.