గట్టిపడని మూడు సీసాలు

ఆ పొద్దున ఆకాశం విరిగిన పాలలా తెల్లగా, ముక్కలు ముక్కలుగా ఉంది. వంటింటి కిటికీలోంచి దాన్నే చూస్తూ ఉమారాణి టబ్బులో వేడినీళ్ళు పోసి, వేలు ముంచింది. తర్వాత థర్మామీటరు చూసింది. ముప్పై ఏడు. ఒంటి వేడి. ఆర్నెల్లుగా ఆమె వేలికీ ఆ గాజు గొట్టానికీ తేడా రావడం లేదు.

టబ్బులో ఆరు సీసాలు. ఒక్కోదాంట్లో ఒక గాజు బిళ్ళ. నెత్తుట్లో ఉండే ఉప్పులన్నీ కొలతగా కలిపిన నీళ్ళలో అది నానుతుంది. నానగా నానగా దానిమీద ఎముకలాంటి తెల్లటి పొర కడుతుంది. విరిగిన ఎముకలను అతకడానికి అలాంటివి కావాలట. అది ఆమె భర్త శ్రవణ్‌కుమార్ పీహెచ్‌డీ. ఆర్మూరులో ప్రైవేటు కాలేజీ లెక్చరరు. కాలేజీలో కరెంటు నిలవదని సీసాలను ఇంటికి తెచ్చాడు. "నువ్వెట్లాగూ పొయ్యికాడనే ఉంటవు గదా, జర చూస్తుండు" అన్నాడు. చూడటమంటే గంటగంటకూ నీళ్ళు వేడిచేయడం, రెండ్రోజులకోసారి ద్రావణం మార్చడం, అన్నీ రాసిపెట్టడం. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇరవై మంది కూలీలకు వండుతూ కూడా ఆమె ఆ వేడి తప్పనివ్వలేదు. "మా కోడలు రాళ్ళకు తానం పోస్తున్నది" అని అత్త ముత్తెమ్మ వాకిట్లో అందరినీ నవ్వించేది. కోడలు డిగ్రీలో కెమిస్ట్రీ చదివిందన్న సంగతి ఎవరికీ గుర్తురాదు.

సీసాలోకి చూస్తే ఉమారాణి ఎటో వెళ్ళిపోయేది. నీళ్ళలో కంటికి కనపడనిదేదో వచ్చి వచ్చి బిళ్ళమీద వాలుతున్నట్టు, మంచు పడుతున్నంత చప్పుడు లేకుండా. తన ఎముకలూ ఇట్లాగే, పుట్టిల్లు ఏర్గట్ల బావినీళ్ళు తాగి తాగి, ఎవరూ చూడకుండా కట్టుకున్నాయేమో. పొయ్యిమీద కూర మాడిన వాసనకు మళ్ళీ వంటింట్లోకొచ్చి పడేది.

మూడు నెలల కింద మామ రాజన్న, ద్రావణం కలపడానికి డబ్బాలో ఉంచిన డిస్టిల్డ్ వాటర్ తీసి ట్రాక్టర్ బ్యాటరీలో పోసుకున్నాడు. ఖాళీ డబ్బా పెడితే కోడలు తిప్పల పడుతుందని దాన్నిండా బోరునీళ్ళు పట్టిపెట్టాడు. ఆ నీళ్ళతో చేసిన మూడు సీసాల్లో పొర గట్టిపడలేదు. మీగడలా ఉండిపోయింది. గోరు తగిలితే ఊడొచ్చింది. అప్పుడు రాజన్నే నీళ్ళ సంగతి చెప్పాడు.

"అంత ఖరాబ్ చేసినవ్! పారబొయ్యి!" అని శ్రవణ్ అరిచాడు.

ఆమె పారబోయలేదు. బోరునీళ్ళలో ఏముందా అని వారంపాటు ఆలోచించింది. వాటిలో మెగ్నీషియం ఎక్కువుంటుందని డిగ్రీలో చదివింది గుర్తొచ్చింది. ఆకులు పండుబారితే పసుపు చేనుకు చల్లే మెగ్నీషియం సంచి కొట్టంలో ఉంది. అందులోంచి కొంచెం తూచి మంచి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి చూసింది. అక్కడా మీగడే. తగ్గించి వేస్తే పొర కాస్త గట్టిపడింది. ఇంకా తగ్గిస్తే ఇంకాస్త. అన్నీ నోట్‌బుక్కులో రాసుకుని శ్రవణ్‌కు చూపించింది.

"ఉమా, నోట్‌బుక్ ఇయ్యి. పన్నెండు గంటల బస్సుకు హైదరాబాద్ పోవాలె" అంటూ శ్రవణ్ వంటింట్లోకొచ్చాడు. "ఫోన్ల చెప్తె మా గైడు సార్ మస్తు ఖుషీ అయిండు. మెగ్నీషియం ముచ్చటే అసలు పేపర్ అన్నడు."

"పేపర్ మీద ఎవరి పేర్లుంటయి?"

"నాది, సార్‌ది."

"నాది?"

అతను నవ్వాడు. "నీళ్ళు మార్చినందుకా? గట్లయితే బాపు పేరు గూడ పెట్టాలె. బోరునీళ్ళు పోసింది ఆయనే గదా!"

ముత్తెమ్మ కూడా నవ్వింది. రాజన్న నవ్వలేదు.

"పారబొయ్యమన్నది ఎవరు?" అంది ఉమారాణి. గొంతు పెంచలేదు. "నోట్‌బుక్ నా సంచిల పెట్టుకున్న. నేను గూడ వస్తున్న. ఏం చేసిన్నో సార్‌కు నేనే చెప్త. పేరు సంగతి గూడ నేనే అడుగుత."

"మరి గీ సీసాలెవరు చూస్తరే?" అని ముత్తెమ్మ గాబరా పడింది.

"నేను చూస్త తియ్యి బిడ్డా," అన్నాడు రాజన్న. "ఎంత వేడి ఉండాల్నో చెప్పు."

ఆమె మామ వేలు పట్టి నీళ్ళలో ముంచి చూపింది. తర్వాత నాలుగు పళ్ళేలు కడిగి, అన్నం, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు మధ్యలో పెట్టి, రోజూలా వడ్డించకుండా తనూ ఒక పళ్ళెం ముందు కూర్చుంది. శ్రవణ్ తన ఖాళీ పళ్ళెంకేసి, కూరగిన్నెకేసి చూశాడు. ఎవరూ లేవలేదు. కాసేపటికి చెయ్యి చాపి తనే వేసుకున్నాడు.