రెండు టైములు

సంతోష్‌నగర్‌లోని ఆ ప్రైవేటు హాస్పిటల్లో ల్యాబ్ కంప్యూటర్‌కీ, వార్డు కంప్యూటర్‌కీ మధ్య దారి వేసింది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే డానియేలే. మూడేళ్ల కిందటి మాట. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ పాతది, మాటిమాటికీ కదిలిస్తే బిగుసుకుపోయేది. అందుకని రిపోర్టులన్నీ ఒక ఫైల్లో వేసి, అరగంటకోసారి వార్డుకు పంపేలా పెట్టాడు. అందరూ బాగుందన్నారు. అరగంట ఆగితే పర్వాలేదా అని వార్డులో ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

ఒక సోమవారం ఎల్లేష్ పోయాడు. నలభై ఆరేళ్లు. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలకు రంగులు వేసేవాడు. కిడ్నీ జబ్బుతో చేరాడు. రక్తంలో పొటాషియం ప్రాణం తీసేంత పెరిగిందని ల్యాబ్‌లో పదకొండు గంటల నాలుగు నిమిషాలకు తేలింది. వాళ్లు వార్డుకు ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చింది. ఫైలు కదిలింది పదకొండున్నరకు. ఎల్లేష్ గుండె ఆగింది పదకొండూ ఇరవై రెండుకు.

ఆ అంకెలు కంప్యూటర్లో చూసినప్పుడు డానియేలుకు ఏమీ అనిపించలేదు. మళ్లీ చూశాడు. టిఫిన్ డబ్బా విప్పి అన్నం తిన్నాడు. కూర ఏమిటో తెలియలేదు.

బుధవారం జగన్నాథరావు మీటింగ్ పెట్టాడు. హాస్పిటల్ పరిపాలన అంతా ఆయనదే. డానియేలుతో పాటు అదే కంపెనీలో పనిచేసే అమరనాథ్ కూడా వచ్చాడు.

"డైరెక్ట్ కాల్ పెడదాం భాయ్," అన్నాడు అమరనాథ్. "రిపోర్టు తయారైన సెకన్ల వార్డు కంప్యూటర్‌కు సీదా పోతది."

"గప్పుడే వార్డు సిస్టం బందుంటే?" అన్నాడు డానియేలు.

"మళ్ల ట్రై చేస్తది."

"అవతల జవాబొచ్చేదాక ల్యాబ్ సిస్టం నిలబడి ఉంటది. ఎన్కొచ్చే రిపోర్టులన్ని ఆగుతయ్."

"మరి మీరేమంటారండీ?" అని అడిగాడు జగన్నాథరావు.

"మధ్యల క్యూ పెడదాం సార్. ల్యాబ్ మెసేజ్ అండ్ల ఏసి దాని పని అది చేసుకుంటది. వార్డు తీసుకునేదాక మెసేజ్ ఆడనే ఉంటది, పోదు."

"వార్డు తీసుకుంది, కానీ ఎవరూ చూడలేదు. అప్పుడో?"

డానియేలు అడిగి వస్తానని లేచి పైఅంతస్తులోని వార్డుకు వెళ్లాడు. మూడేళ్లలో అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

హెడ్ నర్సు భాగ్యశ్రీ సెలైన్ మారుస్తూనే మాట్లాడింది. "స్క్రీన్ ముంగట ఎవరు కూసుంటరు అన్నా? ఆ పొద్దు నేను మూడుసార్లు పోయి చూసిన, రాలే. ఉన్నది ఒక్క ఫోను. అండ్ల అంబులెన్సోళ్లు మాట్లాడుతున్నరు. గంతల పేషెంటు చెయ్యి దాటిపోయిండు."

"మరెట్లుండాలె?"

"నేను చూసిన అని నొక్కేదాక అది నన్ను ఇడ్వొద్దు. నేను నొక్కకపోతే డాక్టర్ను పట్టుకోవాలె. గంతే."

డానియేలు రాసుకున్నాడు. ప్రమాదకరమైన రిపోర్టు క్యూలో పడగానే వార్డులో గంట మోగాలి. కంప్యూటర్‌కు చేరిందంటే చాలదు, మనిషి నొక్కాలి. మూడు నిమిషాల్లో నొక్కకపోతే డ్యూటీ డాక్టర్ ఫోన్ మోగాలి. మిగతా మామూలు రిపోర్టులకు పాత ఫైలే సరిపోతుంది. కాగితం మీద అంతా తేలిగ్గానే ఉంది. ఎనిమిది వాక్యాలు కూడా కాలేదు.

కిందికి దిగేసరికి రికార్డుల కౌంటర్ దగ్గర ఒకావిడ ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"గీ కాయితం మీద రెండు టైములున్నయ్ సార్. ఏది నిజం?"

"అది కంప్యూటర్ టైమమ్మా," అన్నాడు గుమస్తా తల ఎత్తకుండా.

కాగితం మీద ఎల్లేష్ పేరు కనబడింది. ఆవిడ అతని భార్య మహేశ్వరి. డానియేలు ఆమెను దాటుకుని పోవచ్చు, తలుపు నాలుగడుగుల్లోనే ఉంది. ఆగాడు.

"రెండూ నిజమేనమ్మా. మొదటిది ల్యాబ్ల తేలిన టైము. రెండోది వార్డుకు చేరింది."

"మరి మధ్యల యాడుండె?"

"ఫైల్ల ఉండె. అరగంటకోసారి పోయేటట్టు పెట్టిండ్రు." ఆమె వైపు తిరిగాడు. "నేనే పెట్టిన."

మహేశ్వరి అతని మొహంలోకి చూసింది. "తొందరగొస్తే బతుకుతుండెనా?"

"నాకు తెల్వదమ్మా. డాక్టర్లకు పద్దెనిమిది నిమిషాలు దొరుకుతుండె."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "గదే రాసియ్యున్రి," అంది.

కౌంటర్ మీదే రాసి, సంతకం చేసి, ఫోన్ నంబరు వేసి ఇచ్చాడు.

సాయంత్రం జగన్నాథరావు పిలిపించాడు. "ఎవరినడిగి రాసిచ్చారండీ?"

"ఎవరినీ అడగలే సార్."

"మీ కంపెనీకి చెప్పక తప్పదు నాకు."

"చెప్పండి సార్."

కంపెనీ వాళ్లు క్యూ పని ముగించి అమరనాథ్‌కు అప్పగించమన్నారు. ఆ తర్వాత హాస్పిటల్ పనులేవీ డానియేలుకు ఉండవన్నారు. సరేనన్నాడు. మూడు వారాలు పట్టింది. చివరి రోజు వార్డు కంప్యూటర్ తీగ పీకి ఒక ఉత్తుత్తి రిపోర్టు పంపారు. మెసేజ్ ఎక్కడికీ పోకుండా క్యూలోనే నిలిచింది. మూడో నిమిషంలో డాక్టర్ ఫోన్ మోగింది. అమరనాథ్ చప్పట్లు కొట్టాడు. డానియేలు తీగ తిరిగి గుచ్చాడు.

వారం తర్వాత భాగ్యశ్రీ ఫోన్ చేసింది. "అన్నా, ఒక ముసలవ్వ రిపోర్టు నలభై సెకన్లల్ల అందింది. ఇప్పుడు మంచిగుంది, చాయ్ తాగుతున్నది."

"మంచిదమ్మా," అన్నాడు. ఆ మాట ఎవరో వేరేవాళ్లు అన్నట్టు వినిపించింది.

మహేశ్వరి ఫిర్యాదు మీద విచారణ జరిగింది. రాసిచ్చిన మాటలే డానియేలు అక్కడ చెప్పాడు. ప్రాణం మీదికొచ్చే రిపోర్టులకు అరగంట పద్ధతి పెట్టడం తప్పేనని హాస్పిటల్ ఒప్పుకుంది. పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

బయట బస్టాపులో డానియేలు, మహేశ్వరి ఇద్దరూ ఒకే నీడన నిలబడాల్సి వచ్చింది. ఆమే మాట్లాడింది.

"మీరు చెప్పకుంటే నాకు తెల్వకపోతుండె. తెలిసినంక ఏం జేసుకోవాల్నో గూడ తెల్వదు."

డానియేలుకూ తెలియదు. ఆ మాటే అన్నాడు. ఆమె తల ఊపింది. ఆమె బస్సు వచ్చింది, ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుంది. అది మలుపు తిరిగేదాకా చూశాడు. తను ఎక్కాల్సిన బస్సులు ఈలోగా రెండు వెళ్లిపోయాయని పక్కనున్న పెద్దాయన చెబితే గానీ తెలియలేదు.