వద్దన్న చప్పుడు

కరిచిందట. అవును, కరిచింది. ఎందుకు కరిచిందో అడిగే నాథుడు మాత్రం ఆ గదిలో ఒక్కడూ లేడు. అమ్మమ్మకు ఒళ్ళు మండిందంటే మండదూ మరి!

అమ్మమ్మ అల్లాటప్పా మనిషి కాదు. ఉద్యోగకాలమంతా బస్సు కండక్టరుగా చేసి, ఎంత కిక్కిరిసిన జనంలోనైనా చివరి సీటుకు వినబడే గొంతు సంపాదించుకుంది. కూతురు షిఫ్టులకు పోతుంటే, మాటలు రాని మనవరాలిని ఈ థెరపీ కేంద్రానికి తీసుకొచ్చేది ఆవిడే. పిల్లను ఇంట్లో అంతా పిచ్చుక అంటారు. ఏదైనా నచ్చకపోతే చెప్పడానికి పిచ్చుకకు మాట లేదు, పళ్ళే ఉన్నాయి. ఒకప్పుడు ఇంట్లో అందరి చేతుల మీదా ఆ పళ్ళ గుర్తులే.

ఇక్కడి థెరపీ అమ్మాయి ఒక ఉపాయం ఆలోచించింది. వాయించడమంటే పిల్లకు ప్రాణం కదా అని ఒక చిన్న డ్రమ్ము చేతికిచ్చింది. వద్దనిపిస్తే దాన్ని గట్టిగా కొట్టాలి. కొట్టగానే ఎదుటివాళ్ళు చేస్తున్న పని ఆపెయ్యాలి.

"కొట్టినా మీరు ఆపకపోతే మళ్ళీ పళ్ళే గతి, అమ్మమ్మగారూ," అని ముందే హెచ్చరించింది.

"కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టుందే తల్లీ!" అంది అమ్మమ్మ ఆ రోజు.

తీరా చూస్తే, దువ్వెన తీస్తే డమ్! పక్కింటావిడ బుగ్గ గిల్లబోతే డమ్! దువ్వెన ఆగింది. పక్కింటావిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. కరవడం మాత్రం పూర్తిగా పోయింది. ఇంటిల్లిపాదీ నెలల తరబడి పడ్డ పాట్ల ఫలం అది.

ఇవాళ కేంద్రం చూడడానికి అతిథులు వచ్చారు. పిల్లలంతా బ్యానరు మీద రంగు చేతిముద్రలు వెయ్యాలని పెద్దసారు, అంటే కేంద్రం యజమాని, ఆజ్ఞ వేశాడు. పళ్ళెంలో జిగటగా ఉన్న రంగు చూడగానే పిచ్చుక డ్రమ్ము కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"అతిథుల ముందు ఆ గోలేంటి!" అంటూ ఆయన డ్రమ్ము లాక్కుని బీరువా మీద పడేశాడు. గోడవార కూర్చున్న అమ్మమ్మ లేచి వచ్చేలోపే పిల్ల మణికట్టు పట్టుకుని రంగులో అదిమాడు. పిల్ల ఆ చేతినే కరిచింది.

అతిథులను పక్క గదిలోకి పంపించి, "ఇన్నాళ్ళ థెరపీ బూడిదలో పోసిన పన్నీరైంది," అన్నాడు చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "ఇలాంటి పిల్ల మాకొద్దండీ. రేపట్నించి తీసుకురాకండి."

"ఆహా! మీరు నోటితో వద్దంటే మేం గుమ్మం దిగిపోవాలి. నా మనవరాలు డ్రమ్ముతో వద్దంటే అది గోలా?" అమ్మమ్మ గొంతు లేచింది. "దాని నోరు మీరే నొక్కి, కరిచిందని నింద దాని మీదా? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది!"

"మెల్లగా అమ్మా, వాళ్ళు వింటారు."

"విననివ్వండి! అందుకేగా పిలిచారు!"

అంతవరకూ తల దించుకున్న థెరపీ అమ్మాయి కుర్చీ ఎక్కి డ్రమ్ము దింపి పిచ్చుక చేతికిచ్చింది.

"పాప చెప్పింది సార్. మనమే వినలేదు," అంది.

అప్పటికే అతిథులు గుమ్మంలోకి వచ్చేశారు. వాళ్ళను చూడగానే పెద్దసారు ముఖం నిండా నవ్వు పులుముకున్నాడు.

"అబ్బే, ఏదో ఊరికే అన్నానమ్మా. రా తల్లీ, ఒక ఫొటో దిగుదాం," అంటూ పిచ్చుక తల మీదికి చెయ్యి చాచాడు.

డమ్!

చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన అతిథుల వైపు చూశాడు, అమ్మమ్మ వైపు చూశాడు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"అదీ! అంతే, ఇంతకంటే ఏం చెయ్యక్కర్లేదు," అంది అమ్మమ్మ, మనవరాలి చేతికంటిన రంగు తన కొంగుతో తుడుస్తూ. "రేపు మామూలు టైముకే తీసుకొస్తాను."