వెనక గది కిటికీ

కళావతి ఇంట్లోకి బొగ్గు దుమ్ముకు అనుమతి లేదు. భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో కాపురం చేస్తూ ఈ మాట ధైర్యంగా అనగల ఇల్లాలు ఇంకొకరుంటే చూపించండి, దండం పెడతాను. పొద్దున లేస్తే లారీలు, లారీల వెనక నల్లటి పొగమబ్బు. ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతాయి. కళావతి మాత్రం రోజూ తెల్లటి పాత ధోతిగుడ్డ చేతికి చుట్టుకుని మంచం పట్టెలు, అల్మారా పైభాగం, టీవీ వెనక తుడుస్తుంది. తుడిచి, గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తుంది. నల్లగా కనబడిందా, ఇల్లంతా మళ్లీ మొదటి నుంచి తుడవాల్సిందే.

వెనక గది కిటికీ సంగతి ఇంకా గట్టిది. దానికి మేకులే కొట్టించింది. కొడుకు వరుణ్ పసివాడుగా ఉన్నప్పుడు దగ్గి దగ్గి ఊపిరాడక కళ్లు తేలేస్తే, ఎత్తుకుని దవాఖానకు ఉరికింది. దుమ్ము తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. ఇంటికి వస్తూనే భర్త రాజమల్లుతో కిటికీ రెక్కలు బిగగొట్టించి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది. ఆ తర్వాత వరుణ్ దగ్గు తగ్గింది, మీసాలొచ్చాయి, రాజమల్లు బాయి పని నుంచి దిగిపోతే ఆ కొలువులోకి వరుణ్ ఎక్కాడు, పెళ్లి కూడా అయింది. మేకులు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇప్పుడు ఆ గదిలో వరుణ్ బిడ్డ ఉంది. పేరు శ్రీవాణి. కోడలు వినీత పురిటికి పుట్టినిల్లు గార్లకు వెళ్లి, ఐదో నెల రాగానే బిడ్డనెత్తుకుని వచ్చింది. వచ్చింది కూడా ఎప్పుడు? నడి మే నెలలో. బాయి దగ్గరి ఎండ అంటే మామూలు ఎండ కాదు, గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. వరుణ్ కొత్త కూలర్ తెచ్చి ఆ గదికే ఉన్న రెండో కిటికీకి పెట్టాడు. దుమ్ము వస్తుందని కళావతి గది తలుపు కూడా మూసేసింది.

కళావతికి ఒకటే ఆశ. పిల్ల ఇవాళో రేపో బోర్లా పడుతుంది. బోర్లా పడితే బొబ్బట్లని లోకమంతా అంటుంది, కళావతి వాటిని బచ్చాలంటుంది. శనగపప్పు, బెల్లం తెచ్చి డబ్బాల్లో పోసి పెట్టుకుంది. తన కళ్ల ముందే, తన ఇంట్లోనే పిల్ల బోర్లా పడాలి. పుట్టినప్పటి నుంచి పిల్ల ముచ్చట్లన్నీ గార్లలోనే అయిపోయాయి కదా, ఇదొక్కటైనా తనకు మిగలాలి.

పిల్ల మాత్రం ఏడుపే ఏడుపు. కూలర్ తిరుగుతూనే ఉంది, గది మాత్రం కుడుములు ఉడికే గిన్నెలా ఉంది. పక్కబట్ట తడి, గోడ తడి. మెడ కింద, చంకల్లో చెమటకాయలు పేలి పిల్ల ఎర్రగా కందిపోయింది. గార్ల నుంచి వియ్యపురాలు రోజూ ఫోన్ చేసి, బిడ్డనెత్తుకుని వచ్చెయ్యమంటోంది. శుక్రవారం మధ్యాహ్నం వినీత వంటింట్లోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"అత్తమ్మా, ఏమనుకోకుండ్రి. వానలు పడేదాంక గార్ల పోయి ఉంట. ఐతారం ఆయనకు సెలవు గదా, దించి వస్తనన్నడు."

"పో బిడ్డా. నేనేమన్న అంటినా? పిల్ల సల్లగుంటే సాలు" అంది కళావతి.

అలా అన్నదే గాని, వినీత అటు వెళ్లగానే పప్పు డబ్బా వైపు చూసి కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. మంచినీళ్లకని అప్పుడే వచ్చిన రాజమల్లు దొరికిపోయాడు. కోపం పోయి పోయి ఆయన మీదే పడింది.

"బాయిల గంత లోతున మందికి గాలి పంపినోనివి. ఇంట్ల మనుమరాలికి పంపరాదా? ఊరందరికి శకునం చెప్పిన బల్లి కుడితిల పడ్డట్టుంది నీ కథ."

ఆ మాట సూటిగా తగిలింది. బాయిలో రాజమల్లు పనే అది. అక్కడక్కడ గోడలు కట్టి, తలుపులు పెట్టి, పైనుంచి దిగే గాలి చివర పనిచేసే మనిషి దాకా పోయేట్టు దారి మళ్లించేవాడు. ఆయన చెంబు అక్కడే పెట్టేసి వెనక గదిలోకి వెళ్లాడు. కళావతి వెంట వెళ్లింది.

రాజమల్లు పిల్ల పౌడర్ డబ్బా తీసి, చిటికెడు అరచేతిలో వేసుకుని, కళ్ల ఎత్తున మెల్లగా వదిలాడు. బాయిలో సన్నటి దుమ్ముతో ఇదే చేసేవాడు. గాలి ఎటు పోతే దుమ్ము అటు పోతుంది. ఇక్కడ పౌడర్ ఎటూ పోలేదు. ఉన్నచోటనే సుడి తిరిగి, నేలకు రాలిపోయింది.

"సూసినవా? గాలి వచ్చెటందుకు తొవ్వున్నది, పోయెటందుకు లేదు. వచ్చిన తడి వచ్చినట్టే ఈడ కూసుంటున్నది" అన్నాడు. కిటికీ మేకుల వైపు చూశాడు.

"దాన్ని ముట్టకు. వరుణ్ సంగతి మర్శినవా?"

"ఎట్ల మరుస్త? మేకులు కొట్టింది నేనే గదనే." ఆయన గొంతు తగ్గించాడు. "అప్పుడు కూలర్ లేదు. ఇప్పుడిది లోపలి గాలిని బయటికి తోస్తది. తోసే గాలికి దుమ్ము ఎదురెట్ల వస్తది?"

"మరి కూలర్‌లకెల్లి రాదా?"

రాజమల్లు కూలర్ ఆపి, వైరు పీకి, పక్క తలుపు ఊడదీసి చూపించాడు. లోపలి గడ్డి నల్లటి బురదతో అట్టకట్టి ఉంది. బయటి దుమ్మంతా ఆ తడి గడ్డిలోనే చిక్కుకుంది. గడ్డి మూసుకుపోతే ఇక గాలేం వస్తుంది? ఆయన దాన్ని నల్లా కింద పెట్టి, నల్లనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగాడు. తొట్టి కూడా తోమాడు. వారానికొకసారి ఇట్లా కడగాల్సిందేనన్నాడు.

కళావతి ఆ నల్లటి నీళ్ల వైపు చాలాసేపు చూసింది. ఆ దుమ్మే కదా ఒకప్పుడు తన కొడుకు గొంతులోకి పోయింది. భయం తగ్గలేదు. కాని లోపల పిల్ల మళ్లీ ఏడుపు అందుకుంది.

"తియ్యి. కని ఒక్క మాట. నా గుడ్డ కట్టి చూస్త. నల్లగయిందా, మళ్ల నువ్వే కొట్టాలె మేకులు."

మేకులు తుప్పుపట్టి కిర్రుమంటూ వచ్చాయి. కళావతి తన తెల్లగుడ్డను కిటికీ చువ్వలకు సగం మేర కట్టింది. కూలర్ మళ్లీ తిరిగింది. రాజమల్లు ఇంకో చిటికెడు పౌడర్ వదిలితే, అది తిన్నగా మంచం మీదుగా సాగి కిటికీ దాటి వెళ్లిపోయింది. గుడ్డ ఉబ్బి బయటికి ఊగింది. ఆ సాయంత్రం శ్రీవాణి ఏడవకుండా నిద్రపోయింది. వినీత కూడా పిల్ల పక్కనే ఒరిగి కునుకు తీసింది. కళావతికి మాత్రం స్థిమితం లేదు, వచ్చి వచ్చి గుడ్డను చూసుకుంది.

శనివారం సాయంత్రం గుడ్డ విప్పి వెలుతురుకు పట్టింది. రోడ్డు వైపు కాస్త మాసింది. లోపలి వైపు తెల్లగానే ఉంది. తిప్పి తిప్పి చూసి, భుజం మీద వేసుకుంది. రాజమల్లు ముసిముసిగా నవ్వితే, పోయి పని చూసుకోమంది.

ఆదివారం పొద్దున గుమ్మం దగ్గర సంచి సర్ది ఉంది. గది చల్లబడ్డా కోడలు మాట మార్చుకోలేదు, కళావతీ నోరు తెరిచి అడగలేదు. అడిగి ఉండమనడం ఆమెకు చేతకాదు. వెనక గదిలో చాప మీద పిల్లను పడుకోబెట్టి ఊరికే చూస్తూ కూర్చుంది. చెమటకాయలు మాడాయి. పిల్ల కిటికీలోంచి పడే వెలుతురు వైపు తల తిప్పింది, ఒక కాలు ఎత్తింది, మూలిగింది, అటే ఒరిగింది, దబ్బున బోర్లా పడింది. పడి, తల ఎత్తి, నాయనమ్మను చూసి బోసినోటితో నవ్వింది.

"వినీతా" అని పిలిచింది కళావతి.

వినీత వచ్చి చూసింది. పిల్లను చూసింది, అత్తను చూసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి సంచి లోపలికి తెచ్చి మంచం కిందికి తోసి, ఫోన్ చెవికి పెట్టుకుంది.

"అమ్మా, మేం వస్తలేం. నువ్వే రా. అత్తమ్మ బచ్చాలు చేస్తున్నది."

కళావతి వంటింట్లోకి వెళ్లి పప్పు డబ్బా దించింది. కళ్లు నిండి డబ్బా మూత కనబడలేదు. భుజం మీది తెల్లగుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూడలేదు.