రెండు ఆటల మధ్య మారిన చొక్కా

వెండెల్ కోస్కో బేస్‌బాల్ క్యాచర్. పెద్ద లీగులో ఆడింది మూడు వారాలే. మిగతా కాలమంతా ఒహాయో, ఇండియానా చిన్న ఊళ్ల జట్లలో, బస్సుల్లోనే గడిచింది. ఎక్కడ క్యాచర్ వేలు విరిగితే అక్కడికి అతన్ని పంపేవారు. అతని వేళ్లూ అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి.

నేను పిచర్‌ని. రెండేళ్లు అతనికే బంతులు వేశాను. హోటళ్లలో మా ఇద్దరిదీ ఒకే గది. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని అతను ఏ సైగ చేస్తే ఆ బంతి వేసేవాణ్ణి.

ఆ ఆదివారం జేన్స్‌విల్‌లో, ఆ ఊరి జట్టుతో వరసగా రెండు ఆటలు. మొదటిది మేమే గెలిచాం. ఆ సంబరంలో ఉండగా మా మేనేజర్ స్టుకీ వచ్చి వెండెల్ భుజం మీద చెయ్యేశాడు. వాళ్ల క్యాచర్‌కి మోకాలు బెణికిందట, మాకేమో గట్టిగా బాదేవాడొకడు కావాలట. వాళ్ల మనిషిని తీసుకుని ఇతన్ని ఇచ్చేశామని నసుగుతూ చెప్పాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు వెండెల్.

"ఇప్పట్నుంచే. రెండో ఆటకి నువ్వు అటు."

వెండెల్ నవ్వేశాడు. ఇన్ని జట్లు మారినా నడిచి వెళ్లగలిగినంత దగ్గరి జట్టు ఇదేనన్నాడు. మొహానికి పెట్టుకునే జాలీ చంకన పెట్టుకుని మైదానం దాటుతుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. వాళ్లిచ్చిన చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుపోయింది.

ఇక మావాళ్ల పని అయిపోయింది. ఎవడికి ఏ బంతి అంతుపట్టదో అతనికి కంఠతా వచ్చు. పైగా కబుర్లొకటి. మా జట్టు రుడీ బ్యాటు ఎత్తగానే, మీ అత్తగారు ఇంకా మీ ఇంట్లోనే ఉందా అని అడిగాడట. వాడు నవ్వు ఆపుకునేలోపే ఔటయ్యాడు.

చివరి ఇన్నింగ్స్‌కి పరుగులు సమం. వాళ్లవాడు మూడో బేస్ మీదున్నాడు, అక్కణ్ణుంచి బ్యాటర్ దగ్గరికి చేరితే వాళ్లదే గెలుపు. బ్యాటుతో వెండెల్ వచ్చాడు, బంతి నా చేతిలో ఉంది. వంపు తిరిగే బంతి మాత్రం వెయ్యొద్దు, దాని పుట్టుపూర్వోత్తరాలు వాడికి తెలుసు అని స్టుకీ వచ్చి మరీ చెప్పి వెళ్లాడు. సూటి బంతులతో రెండు స్ట్రైక్‌లు తెచ్చుకున్నాను, మూడోది కూడా తప్పితే అతను ఔట్. కానీ నా దగ్గరున్న బంతుల్లో గొప్పది ఆ వంపు బంతే. అదే వేశాను, మునుపెన్నడూ వేయనంత బాగా. వెండెల్ దాన్ని నా తలమీంచి కొట్టాడు. మూడో బేస్ మీదివాడు పరుగు పూర్తి చేశాడు. ఓడిపోయాం.

అతని పెట్టె మా గదిలోనే ఉండిపోవడంతో సాయంత్రం వచ్చాడు. ఇద్దరం కింద హోటల్లో పంది మాంసం, ఆపిల్ కూరిన తీపి రొట్టె తిన్నాం.

"సూటిగా వేస్తే మూడోది కూడా తగిలేది కాదురా మెర్ల్," అన్నాడు. "కానీ నేను గనక నీ క్యాచర్‌నై ఉంటే ఆ వంపు బంతికే సైగ చేసేవాణ్ణి. అందుకే దానికోసం కాచుకున్నా."

అంత బాగా వేసి ఓడినందుకు నాకేం బాధనిపించలేదు.

తర్వాత అల్టూనాలో ఉన్న భార్య లొరెటాకి ఫోన్ చేశాడు. ఈసారి ఏ ఊరికి పంపారని అడిగిందట. ఉన్న ఊళ్లోనే ఉన్నాను, జట్టే మారిందన్నాడు.

ఆ ఊరు అతన్ని మళ్లీ వదల్లేదు. ఆ శీతాకాలంలో లొరెటా పిల్లల్ని తీసుకుని వచ్చేసింది. ఆడినన్నాళ్లూ అక్కడే ఆడి, ఆ పైన కుర్ర క్యాచర్లకి శిక్షణ ఇచ్చాడు. మా బస్సు జేన్స్‌విల్ వెళ్లినప్పుడల్లా నా భోజనం వాళ్లింట్లోనే.