దక్షిణ ధ్రువానికి ద్రౌపదక్క గ్లౌజులు

సోలాపూర్ల తెలుగోళ్లుండే జోడ్‌భావి పేట్‌ల మా అక్క ద్రౌపదిని అందరు 'మంచు ఆఫీసు ద్రౌపది' అంటుండె. గోవా రేవుల ఒక గోదాముల ఆమెకు కొలువు. ఏటా అంటార్కిటికా పోయే మన శాస్త్రవేత్తల కోట్లు, బూట్లు, గ్లౌజులు ఒక్కొక్కటి పరీక్ష చేసి ఓడ ఎక్కించేది. ఇంట్ల బీడీలు చుట్టుకుంటనే డిగ్రీ చదివిన మనిషి.

ఎనభై ఎనిమిదిల కాన్పుకు ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. రెండు నెలలన్నా నిండకముందే పక్క మగ్గాల కార్ఖానాకు ఆమె పేరు మీద ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చి మంచం మీద కూలబడ్డది.

"ఏమైందక్కా?" అన్న.

"గోదాముల వాన నీళ్లు చొచ్చినయంట. లోపల తొడిగే ఉన్ని గ్లౌజులన్నీ ఖరాబైనయి. కొత్తవి వచ్చేదాంక ఓడ ఆగదు. అవి లేకుంటే ఆ చలికి వేళ్లు చచ్చుబడతయి, చెల్లే."

అమ్మ సీతాబాయి కసిరింది. "పచ్చి బాలింతవు! ఇగ ఆ కొలువు బస్. బిడ్డను చూసుకో."

అక్క బిడ్డను ఒళ్లోకి తీసుకొని పాలిచ్చింది. తర్వాత మెల్లగ అన్నది, "బిడ్డను విడిచి నేను పోనమ్మా. పనినే ఇక్కడికి తెప్పిస్త."

గోవా ఆఫీసుకు ఫోన్ చేసి ఒప్పిచ్చింది. అన్నట్టే లారీల ఉన్ని బట్ట వచ్చింది. మా గల్లీ ఆడోళ్లు బీడీల చాటలు పక్కకు పెట్టి మా వసారాల కూసున్నరు. కొందరు మిషన్ల మీద, కొందరు చేతితోటి కుట్టిన్రు. అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకొని, కుట్టిన ప్రతి గ్లౌజు తొడుక్కొని ఐసుగడ్డ పట్టుకునేది. కుట్టు సందులకెళ్లి చలి తగిలిందా, విప్పి మళ్ల కుట్టుమనేది. ఎవ్వరూ విసుక్కోలే.

పని సగంల ఉండంగ బిడ్డకు జొరమొచ్చింది. ఒళ్లు కాలిపోతున్నది. అక్క చేతిల గ్లౌజు కింద పడేసి, బిడ్డను ఎత్తుకొని లేచింది. గడప దగ్గర ఆగి ఇంకా చూడాల్సిన గ్లౌజుల కుప్పల దిక్కు చూసింది.

అమ్మ ఆ గ్లౌజు తీసి తొడుక్కున్నది. ఐసుగడ్డ పట్టుకున్నది. "నువ్వు పిల్లను దవాఖానకు తీసుకపో. ఇది నేను చూస్త" అన్నది.

జొరం దిగేదాంక అక్క దవాఖానలనే ఉన్నది. ఇంటికొచ్చేసరికి గ్లౌజులన్నీ మూటలైనయి. అమ్మ వేళ్లు ఎర్రగ ఉబ్బినయి. అక్క ఆ చేతులు పట్టుకొని ఏడ్చింది.

మూటలతోటి అమ్మ, అక్క, నేను, పసిపిల్ల అందరం గోవా పోయినం. ఓడ కదిలేటప్పుడు అమ్మ రేవు అంచున నిలబడి, "అయ్యా, గ్లౌజులు మాత్రం ఇడువకుండ్రి!" అని తెలుగుల మొత్తుకున్నది. ఓడ మీదున్న ఒక గడ్డపాయనకు ఏం సమజైందో, రెండు చేతులెత్తి దండం పెట్టిండు.

ఎండాకాలంల అందరు మంచిగ తిరిగొచ్చిన్రు. అక్క కొలువు విడువలే. పిల్ల బడికి పోయేదాంక, ఓడ బయలెల్లే దినాలొస్తే పిల్లను చూసుకునేతందుకు అమ్మనే సంచి సర్దుకొని గోవా బస్సు ఎక్కేది.