పది లెక్కపెట్టేదాకా

గురజాలలో పేరున్న డాక్టరు గోపాలకృష్ణ గారు పొద్దున్నే మొహం కడుక్కోవాలంటే తన చేత్తో చెంబెత్తరు. భార్య సుబ్బరత్నం వంగి నీళ్లు పొయ్యాలి, ఆయన దోసిలి పట్టాలి. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో తెల్లవారడం అంటే అదే. ఈమధ్య మాత్రం నీళ్లు చల్లుకుని కళ్లు మూసుకోగానే ఆయన తూలుతున్నారు. ఆమె గబుక్కున మోచెయ్యి పట్టుకుంటే, "సరిగ్గా పొయ్యవే! జారి చస్తన్నా ఇక్కడ" అని కసురుతున్నారు. జారడానికి ఆ బండ మీద నాచూ లేదు, బురదా లేదు. రోజూ దాన్ని తోమేది సుబ్బరత్నమే కాబట్టి ఆమెకు తెలియనిది కాదు.

ఆమెకు తెలిసినవి ఇంకా చాలా ఉన్నాయి. సాయిబుల ఇళ్లయినా షావుకార్ల ఇళ్లయినా, ఆ చుట్టుపక్కల పెద్దిళ్ల ఆడవాళ్లు మగ డాక్టరు చేత ఒళ్లు ముట్టించుకోరు. అందుకని ఇంటి ముందుగదిలో అడ్డంగా ఒక తెర కట్టి ఉండేది. తెర ఇవతల డాక్టరు, అవతల రోగి, రోగి పక్కన సుబ్బరత్నం. "కింది రెప్ప లాగి చూడు, ఎర్రగుందా?" "పాలిపోయిందండీ." "కాలి ఎముక మీద వేలితో నొక్కు. గుంట పడిందా?" "పడిందండీ, పూడటం లేదు." పన్నెండేళ్లు ఇలా సాగేసరికి, ఆయన అడగబోయేది ఆమె ముందే చూసేసేది. గుల్జార్ బేగం ఆయాసానికి ఆయన ఉబ్బసం మందు రాయబోతుంటే, మెడ నరం ఉబ్బి కొట్టుకుంటోంది, కాళ్లూ వాచాయి, గుండె సంగతి చూడండని చెప్పింది ఆమే. బేగం బతికింది. బేగం ఇంటివాళ్లు వచ్చి డాక్టరు గారికి శాలువా కప్పారు. "నువ్వు నా చెయ్యివి, అంతే. బుర్ర నాది" అన్నారాయన, మడతపెట్టమని ఆ శాలువా ఆమె మీదికి విసురుతూ. ఆమె మడతపెట్టింది, ఒళ్లు మండిపోతుంటే.

నాలుగు కాన్పులయ్యాయి ఆమెకు. ముగ్గురు కడుపులోనే పోయారు, నాలుగోవాడు పుట్టి తొమ్మిది రోజులు ఉన్నాడు. "దీని కడుపులో ఏం పాడుందో, నా కొడుకు వంశాన్ని మింగేసింది" అని అత్తగారు వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది. ఆయన వింటూ పత్రిక చదువుకునేవారు. మూడో కాన్పు తర్వాత, రక్తం పట్టడానికంటూ వారం వారం ఆమె చేతికి ఒక ఇంజక్షను చేశారు. పసుప్పచ్చటి పొడి, నీళ్లలో కలిపి. మొగుడికి తన మీద ప్రేమ ఉందనుకుని ఆ నొప్పి ఓర్చుకుంది పిచ్చిది.

కిందటేడు మాచర్ల నుంచి ఒక షావుకారు భార్యను తీసుకొచ్చాడు. తెర ఇవతలి నుంచి డాక్టరు గారు వరసగా చెప్పారు. "మోకాలి చిప్ప కింద తట్టు, కాలు ఎగిరిందా?" ఎగరలేదు. "కంట్లోకి టార్చి వెయ్యి, పాప ముడుచుకుందా?" ముడుచుకోలేదు. "పాదాలు కలిపి నిలబెట్టి కళ్లు మూయించు." ఆవిడ తూలి సుబ్బరత్నం మీద పడింది. "సవాయి, సుఖరోగం. ముదిరి నరాలకెక్కింది. కాన్పులు నిలవకపోయేదానికీ ఇదే మూలం" అని డాక్టరు గారు షావుకారుతో చెప్పారు. నీకెప్పుడైనా వచ్చిందా అని ఆ మగవాణ్ణి ఒక్క మాట అడగలేదు. అతను ఆ సాయంత్రమే పెళ్లాన్ని పుట్టింట దింపేశాడట. ఆవిడ కోసం బీరువాలోంచి తీసిన మందు అదే పసుప్పచ్చటి పొడి.

సుబ్బరత్నం ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం దీపం వేళ ఆయన పడక కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉంటే, కింద కూర్చుని పాదాలు ఒత్తుతూ అరచేతి అంచుతో మోకాలి కింద తట్టింది. కాలు కదల్లేదు. ఇంకోసారి తట్టింది. లేచి, కంట్లో నలుసు పడిందేమో చూస్తానని దీపం మొహం దగ్గరకు తెచ్చింది. పాప ముడుచుకోలేదు. ఈయనకు అన్నీ తెలుసు. తనకు అంటించి, తనకు తెలియకుండా మందు పొడిచి, నలుగురు బిడ్డల చావూ తన నెత్తిన రుద్ది పత్రిక చదువుకున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. పగ వచ్చింది, అంతే.

ఏడాది తిరక్కుండా అత్తగారు కొడుక్కి రెండో సంబంధం చూసింది. బెల్లంకొండలో కిరాణా వ్యాపారి కూతురు, పదిహేనేళ్ల వెంకటలక్ష్మి. వాళ్లలో ఒక ఆచారం ఉంది. పెద్దభార్య పెళ్లిచూపులకు వెళ్లి, పెద్దల ఎదుట తన చేత్తో ఆ పిల్లకు బొట్టు పెట్టాలి. అది జరిగితేనే పిల్ల తరఫువాళ్లు తాంబూలాలు పుచ్చుకుంటారు. సుబ్బరత్నం కిమ్మనకుండా ఒప్పుకుంది. "బుద్ధొచ్చింది" అంది అత్తగారు, మురిసిపోతూ.

ముగ్గురూ బస్సెక్కి బెల్లంకొండ వెళ్లారు. అక్కడ అత్తగారు ఆ పిల్లను అటూ ఇటూ నడిపించింది, జడ విప్పించింది, పాదాలు చూసింది. పిల్ల తల ఎత్తలేదు. పిల్ల తల్లి కుంకుమ భరిణె తెచ్చి సుబ్బరత్నం చేతికిచ్చింది.

"పెడతాను వదినా. పిల్లని నడిపించి చూశాంగా, పెళ్లికొడుకుని కూడా ఒకసారి నిలబెట్టి చూడండి" అంది సుబ్బరత్నం, నవ్వుతూనే. "పాదాలు రెండూ కలిపి, కళ్లు మూసుకుని, నేను పది లెక్కపెట్టేదాకా."

డాక్టరు గారి మొహం తెల్లబోయింది. "ఏమే, నోర్ముయ్!"

"ఏందమ్మా, ఇంతేనా?" అని పిల్ల తండ్రి సరదాగా లేచి, తనే కళ్లు మూసుకుని నిటారుగా నిలబడ్డాడు. అందరూ నవ్వారు. "రండి డాక్టరు గారూ, మీరూ కానీయండి."

"బస్సులో నడుం పట్టిందండీ."

"పది లెక్కపెట్టేదానికి నడుంతో పనేందండీ!"

లేవక తప్పలేదు. కాళ్లు ఎడంగా పెట్టారు. "కలపండి" అంది సుబ్బరత్నం. కలిపారు. కళ్లు మూశారు. ఒకటి, రెండు, మూడు. నాలుగుకు ఊగారు. ఆరుకు తాంబూలం పళ్లేల మీద బోర్లా పడ్డారు. ఆమె చెయ్యి అందించలేదు.

"ఈ జబ్బుని సవాయంటారు అన్నయ్యా. నా నలుగురు బిడ్డలూ దీంతోనే పొయ్యారు. అబద్ధమంటే ఆయన్నే అడగండి, తెలిసిన డాక్టరే" అంది. ఆయన నేల చూస్తూ వక్కలు ఏరుతున్నారు. సుబ్బరత్నం వెంకటలక్ష్మికి బొట్టు పెట్టి, "లోపలికి పో తల్లీ" అంది. ఆ పిల్ల మొదటిసారి తల ఎత్తి ఆమెను చూసింది.

తిరుగుబస్సులో అత్తగారు రాగం తీసింది. "పుస్తె కట్టినోణ్ణి నలుగుట్లో ఇట్టా పడేస్తివి. నీకేమొచ్చిందే?"

"చానా వచ్చింది అత్తయ్యా" అంది సుబ్బరత్నం.

ఇంటికి చేరగానే డాక్టరు గారు మంచం ఎక్కారు. వారం గడిచేసరికి ఆ కబురు గురజాలంతా పాకింది. రోగులు రావడం మానేశారు. వచ్చిన ఒకరిద్దరు ఆడవాళ్లు తిన్నగా సుబ్బరత్నం దగ్గరికే పోతున్నారు. ఒక మధ్యాహ్నం ఆయన ఆమె కొంగు పట్టుకుని, "ఇంకెన్నాళ్లు బతుకుతానే నేను?" అన్నారు, చంటిపిల్లాడిలా.

సుబ్బరత్నం మంచం అంచున కూర్చుని ఆయన నాడి పట్టుకుంది. నిమిషం నిండా చూసి, చెయ్యి జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టింది.

"గుండె గట్టిగానే ఉందండీ. ఈ జబ్బు ఇప్పట్లో ప్రాణం తియ్యదు. చానా ఏళ్లు బతుకుతారు మీరు" అంది. "నాకు కావాల్సిందీ అదే."